మేం ఆడం కదా అంటే సరిపోతుందా?



"మనం ఆడం కదా, మనకేం నుక్సాన్?" ఈ మాట ఈ మధ్య మన ఖాందానుల్లో చాలాసార్లు వింటున్నాను. గోవా ప్యాకేజీ చవగ్గా దొరికింది. హోటల్లో క్యాసినో ఉంటే ఉండనీ, మనం అటు తొంగి కూడా చూడం. పిల్లలు ఈత కొడతారు, మనం సముద్రం చూసి వచ్చేస్తాం. ఇదీ దలీల్. వినడానికి సబబుగానే ఉంటుంది. బిర్యానీ తినడానికి వెళ్ళిన హోటల్లో పక్క గదిలో బార్ ఉంటే మనం తాగినట్టా? కాదు కదా!

కానీ బార్ పక్కన కూర్చోవడానికీ, క్యాసినో రిసార్టులో బాల్‌బచ్చాలతో మూడు రాత్రులు ఉండటానికీ తేడా ఉంది. మొన్న వేసవి సెలవుల్లో మేం ఏడుగురం అలాంటి ఒక రిసార్టుకి వెళ్ళొచ్చాం. బుకింగ్ అంతా మా దేవర్ చేశాడు, ఒక ఏజెంటు ద్వారా. హోటల్ పేరు రాయను. ఆ ఒక్క హోటల్ మీద నాకు దుష్మనీ ఏమీ లేదు. నేను మాట్లాడేది ఆ కారోబార్ గురించి. అందులో మనలాంటి వాళ్ళకి కేటాయించిన కుర్చీ గురించి.

ముందు ఖర్చు సంగతి చెప్పాలి. ఈ సఫర్‌కి మా అమ్మీ ముప్పై వేలు ఇచ్చారు. కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టి, రంజాన్ ముందు రాత్రిళ్ళు మేలుకుని కూడబెట్టిన పైసలు. డెబ్భై ఏళ్ళ మనిషి. సూర్యలంక బీచ్ తప్ప వేరే సముద్రం చూడలేదు. గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మర్నాడు బండి క్యాజిల్ రాక్ దాటి ఘాట్ దిగుతుంటే దూద్‌సాగర్ దగ్గర కిటికీకి అతుక్కుపోయి "సుబ్‌హానల్లాహ్, సుబ్‌హానల్లాహ్" అంటూనే ఉన్నారు. వేసవి కాబట్టి నీళ్ళు సన్నగా, ఓ తెల్ల దారంలా జారుతున్నాయి. అయినా ఆమెకి అదే చాలు. నిజం చెప్పాలంటే మా తఫ్రీహ్‌లో మంచి భాగం రైల్లోనే అయిపోయింది.

రిసార్టులో అడుగు పెట్టగానే పెద్దవాళ్ళు ఐదుగురి చేతులకీ రంగు పట్టీలు కట్టారు. ఒక్కొక్కరికీ ఒక కవరు. అందులో పదిహేను వందల రూపాయల క్యాసినో వోచర్. ప్యాకేజీలో కలిసే ఉందట. ఇది మాకొద్దు, ఆ మొత్తాన్ని భోజనం బిల్లులో తగ్గించండి అని మా ఆయన అడిగారు. కుదరదన్నారు. వాడుకుంటే చిప్స్, వాడుకోకపోతే కాగితం. సరే, కాగితమే అనుకున్నాం. సాయంత్రం తెలిసింది అసలు సంగతి. ప్యాకేజీలో రాసిన డిన్నర్ బఫే క్యాసినో ఫ్లోర్ మీదే ఉంది! 21 ఏళ్ళు నిండని వాళ్ళకి అక్కడ ప్రవేశం లేదు. పిల్లల్ని కింద ఆటల గదిలో వదిలి రండి, వాళ్ళకి అక్కడే నూడుల్స్ పెడతాం అంది ఆ అమ్మాయి, నవ్వుతూ, ఎంతో తమీజ్‌గా.

ఫ్యామిలీ ప్యాకేజీ అన్నారు, ఫ్యామిలీ అంతా ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడానికి వీల్లేదు. మేం బయట చిన్న హోటల్ వెతుక్కున్నాం, చేపల పులుసు, అన్నం. రోజూ అదే. అంటే డిన్నర్‌కి రెండుసార్లు డబ్బు కట్టాం. ఏజెంటుకి ఫోన్ చేస్తే "మేడం, అందరూ పిల్లల్ని కింద వదిలే వెళ్తారు" అన్నాడు. ఫిర్యాదు రాసిచ్చాం, జవాబు రాలేదు. ఈత కొలను ఒక పూట ఏదో పోటీ కోసం మూసేశారు. గదిలో ఖిబ్లా గుర్తు లేదు, మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు. ఇవన్నీ చిన్న విషయాలు, ఎక్కడైనా జరిగేవే. వీటి కోసం నేను ఇంత రాయను.

మా దేవర్ పెద్ద కొడుకు గురించి రాస్తాను. వాడి ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు, బీటెక్ అయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నమాజీ పిల్లవాడు. రెండో రాత్రి నా దగ్గరకొచ్చి, "బడీమా, ఈ వోచర్ మన పైసలు కాదు కదా. పోతే వాళ్ళదే పోతుంది. ఒక్కసారి చూసొస్తా" అన్నాడు. నేను వద్దన్నాను. వాళ్ళ నాన్న కూడా నక్కో అన్నాడు. అందరూ పడుకున్నాక వెళ్ళాడు. నాలుగు వేలు గెలిచాడు.

మర్నాడు పొద్దున పిల్లలకి ఐస్‌క్రీములు, అమ్మీకి ఒక శాలువా. ఎక్కడివిరా అంటే నవ్వాడు. చిన్నపిల్లలు అప్పటికే తినేశారు. అమ్మీ ఆ శాలువాని మడిచి మంచం చివర పెట్టారు, ఒక్క మాట అనలేదు. మూడో రాత్రి వాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ నాలుగు వేలూ పోయాయి, ఫోన్‌లోంచి ఇంకో ఆరు వేలు పోయాయి. ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్ళడానికి దాచుకున్నవి.

ఆరు వేలు పెద్ద మొత్తమా అని ఎవరైనా అడగవచ్చు. నేను ఆ ఆరు వేల గురించి బాధపడటం లేదు. ఆ నాలుగు వేల గురించి నా ఫిక్ర్. ఓడినవాడికి సిగ్గు ఉంటుంది, గెలిచినవాడికి కథ ఉంటుంది. వాడి ఫోన్‌లో అంతకు ముందు రమ్మీ యాప్ ఉండేదని ఆ తర్వాత తెలిసింది. ఆ హాల్లో యంత్రాల ముందు నిలబడితే కొత్తగా అనిపించలేదట. "ఫోన్‌లో ఉన్నట్టే ఉంది బడీమా, తెర పెద్దది, అంతే." గోవా చట్టం ప్రకారం నేల మీది ఐదు నక్షత్రాల హోటళ్ళకి యంత్రాల ఆటలే అనుమతి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలు నీళ్ళ మీది ఓడల్లోనే. కాబట్టి వాడు అన్నది అక్షరాలా నిజం.

మా ఆయన లెక్కల మాస్టారు. చివరి రోజు నాష్తా దగ్గర వాడిని కూర్చోబెట్టి, తిట్టకుండా, కాగితం రుమాలు మీద హిసాబ్ వేసి చూపించారు. రూలెట్ చక్రంలో సున్నాతో కలిపి 37 గడులు. ఒక్కో గడి మీద ఒక్కో రూపాయి పెట్టావనుకో, మొత్తం 37 రూపాయలు. ఏదో ఒకటి తప్పకుండా గెలుస్తుంది. వాళ్ళు ఇచ్చేది ఒకటికి 35, పైగా నీ రూపాయి నీకు. చేతికొచ్చేది 36. అన్ని గడులూ నీవే అయినా, ఓడిపోవడం అసాధ్యమైనా, రూపాయి పోయింది. వందకి దాదాపు రెండు రూపాయల డెబ్భై పైసలు. కొన్ని చక్రాల్లో రెండు సున్నాలుంటాయి, అప్పుడు ఐదు రూపాయల పైమాటే.

"వందకి మూడు రూపాయలేగా పెద్దబ్బా" అన్నాడు వాడు. అక్కడే ఉంది మోసం. ఆ కోత నువ్వు తెచ్చుకున్న డబ్బు మీద కాదు, తిప్పిన ప్రతిసారీ. జేబులో వెయ్యి రూపాయలే ఉన్నా, వంద చొప్పున నలభై సార్లు పెడితే నువ్వు పందెం కాసింది నాలుగు వేలు. అందులోంచి సగటున నూట ఎనిమిది రూపాయలు వాళ్ళవి. ఒకడు గెలుస్తాడు, ఇంకొకడు మునుగుతాడు. మొత్తం హాలు లెక్క మాత్రం ప్రతి రాత్రీ ఒకే వైపు మొగ్గుతుంది. అందుకే అక్కడ గడియారం కనపడదు, కిటికీ ఉండదు. మనిషి ఎంతసేపు కూర్చుంటే అంత పని జరుగుతుంది.

ఈ హిసాబ్ వల్లే మన గది చవగ్గా దొరికింది. పక్క సందులో క్యాసినో లేని హోటల్‌లో అదే సైజు గది రేటు అడిగాను, దాదాపు ఒకటిన్నర రెట్లు చెప్పారు. ఆ తగ్గింపు ఎవరిచ్చారు మనకి? హోటల్ యజమాని సఖావత్ కాదది. కింద హాల్లో ఎవరో ఓడిపోయిన డబ్బు. ఆడకుండా ఉండి వచ్చిన కుటుంబం కూడా ఆ సొమ్ములో కొంత వాడుకునే వస్తుంది. "మనం ఆడం కదా" అనే దలీల్ నాకు ఇక్కడ తెగిపోయింది.

ఆ ఎవరో ఒకరిని నేను చూశాను కూడా. మూడో రాత్రి గడిచి ఫజ్ర్ వేళకి అమ్మీకి వేడినీళ్ళు తేవడానికి వెళ్తుంటే, లిఫ్ట్ పక్కన నేల మీద ఒకాయన కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మన తెలుగే, మన కోస్తా యాసే. ట్రాక్టర్ కిస్తీ డబ్బుల గురించి. అవతల భార్య కాబోలు. "ఈ ఒక్కసారికి పంపు, తెల్లారేసరికి తిరిగేసేస్తా" అంటున్నాడు. తెల్లవారడానికి ఇంక అరగంట కూడా లేదు. నన్ను చూసి, నా తలమీది దుపట్టా చూసి, లేచి నిలబడ్డాడు. "నమాజుకా అమ్మా?" అన్నాడు. ఔనన్నాను. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. నేను గదికొచ్చి అమ్మీకి చెప్పాను. ఆ పూట ఆమె సజ్దా చాలా సేపు సాగింది.

ఇప్పుడు గోవా వాళ్ళ సంగతి చూడండి. 1976 నాటి గోవా జూద నిరోధక చట్టం చాలా రాష్ట్రాల చట్టాల్లాగే జూదం నేరమంటుంది. 1992లో దానికి సవరణ చేసి ఐదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాలకి తలుపు తెరిచారు. 1996లో ఓడల మీద బల్లల ఆటలకి తెరిచారు. అలా మాండవి నది మీదికి క్యాసినో ఓడలు వచ్చాయి. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులు వాటిలో ఆడటానికి వెళ్ళకూడదని అక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. మమ్మల్ని స్టేషన్‌కి తీసుకెళ్ళిన ట్యాక్సీ అతను హిందీలో హాయిగా చెప్పాడు. "మా పిల్లలు పాడవకూడదని మమ్మల్ని రానివ్వరు మేడం. అది మీకోసం." అతను వ్యంగ్యంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. తన సంతానానికి జహర్ అనుకున్నదాన్ని మెహమాన్‌కి షర్బత్ అని పోయడం ఏ తహ్‌జీబ్?

సర్కారు దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. పన్నులొస్తాయి, నౌకరీలొస్తాయి, టూరిజం పెరుగుతుంది. అబద్ధం కాదు. అరబ్బుల పాతకాలపు మైసిర్ ఎలా ఉండేదో తఫ్సీర్ చదివిన వాళ్ళకి తెలుసు. ఒంటెని కోసి, వాటాలు వేసి, బాణాలు తీసి, ఎవరి వంతు ఏదో తేల్చేవాళ్ళు. గెలిచినవాళ్ళు ఆ మాంసాన్ని గరీబులకి పంచేవాళ్ళు. కరువు రోజుల్లో అది గొప్పతనం కింద లెక్క. అంటే అప్పటి జూదంలో ఫాయిదా పేదవాడి గిన్నెలోకి నేరుగా వచ్చేది. సూరె బఖరాలో ఆ ఫాయిదా ఉందని ఒప్పుకుంటూనే గునాహ్ దానికంటే పెద్దదని తేల్చారు. ఫాయిదానే లేదని ఇస్లాం అనలేదు, ఇది గమనించాలి. ఒంటె మాంసం పంచిన జూదానికే ఆ తీర్పు అయితే, ట్రాక్టర్ కిస్తీ మింగే జూదం ఏ లెక్కలోకి వస్తుంది?

ఇక్కడ గోవాని మాత్రమే తిట్టి చేతులు దులుపుకోవడం ఇన్సాఫ్ కాదు. మన షాదీల్లో రత్జగా రాత్రి మేడ మీద తీన్ పత్తీ ఆడేది ఎవరు? ఐపీఎల్ రోజుల్లో టీ కొట్టు దగ్గర కాసే పందేలు ఎవరివి? కోడి హలాలా కాదా అని పదిసార్లు అడిగి మరీ తినే మనం, అల్లుడు ఫోన్‌లో ఏం ఆడుతున్నాడో ఒక్కసారి అడగం. అడిగితే "అది స్కిల్ గేమ్ అమ్మీ, సుప్రీం కోర్టే చెప్పింది" అని జవాబు. నిజమే, 1960లలో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని తీర్పు వచ్చింది. చేతిలో పేక, ఎదురుగా నలుగురు మనుషులు ఉన్న రోజుల తీర్పు అది. దాన్ని పట్టుకుని ఫోన్లలోకి రమ్మీ వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. యాప్‌లు మూతపడితే ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? వారాంతం గోవా ప్యాకేజీ వైపు చూస్తుందేమోనని నా భయం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కొందరు దోస్తులు అంటారు, "ఇంత ఫిక్ర్ ఉంటే గోవాయే వెళ్ళకండి" అని. ఆ మాట నాకు నచ్చదు. గోవా ఏమైనా క్యాసినో వాళ్ళ జాగీరా? పణజిలో మాండవి ఒడ్డున, ఆ ఓడల ఎదురుగానే, ఆదిల్ షా ప్యాలెస్ ఉంది. బీజాపూర్ సుల్తాన్ యూసుఫ్ ఆదిల్ షా కట్టించుకున్న మహల్. 1510లో పోర్చుగీసు వాళ్ళు గోవా పట్టుకున్నాక అది వాళ్ళ చేతికి పోయింది. తర్వాత తర్వాత గవర్నర్ల నివాసమైంది, సెక్రటేరియట్ అయింది, 2000 దాకా గోవా శాసనసభ అందులోనే నడిచింది. క్యాసినోలకి తలుపులు తెరిచిన ఆ రెండు సవరణలూ ఆ కప్పు కిందే పాసయ్యాయి. రాత్రిపూట ఓడల రంగు లైట్లు ఆ తెల్లగోడల మీద పడుతుంటాయి.

పోండాలో సఫా మసీదు ఉంది. ఆదిల్ షాహీల జమానాలో, 1560లో కట్టినదని చెప్తారు. ఎర్ర లేటరైట్ రాయి, పెంకుల కప్పు, పక్కన పెద్ద హౌజ్. హౌజ్ గోడల్లో లోపలికంటా మెహ్రాబ్ ఆకారంలో చిన్న చిన్న అరలు. మేం తిరుగు ప్రయాణం రోజు ఒక పూట అక్కడికి వెళ్ళాం. ఎవరూ లేరు. నీళ్ళు పచ్చగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. అమ్మీ మెట్ల మీద కూర్చుని, "ముందే ఇక్కడికి తీసుకురావాల్సింది కదరా" అన్నారు మా దేవర్‌తో. తిట్టినట్టు కాదు, ఊరికే. వాడు తల దించుకున్నాడు. నా దేవర్ మంచివాడు, అది కూడా రాయాలి. ఏడుగురికి చవగ్గా ఏదో దొరికిందని ఖుషీగా బుక్ చేశాడు. ఏజెంటు అతనికి ఫోటోల్లో చూపించింది ఈత కొలను, కొబ్బరిచెట్లు. ఆ హాలు ఫోటో ఒక్కటీ చూపించలేదు.

కాబట్టి సెలవులకి బుక్ చేసే అన్నలకి, అక్కలకి ఒక అర్జ్. ఫోన్‌లో సిగ్గుపడకుండా అడగండి. హోటల్లో క్యాసినో ఉందా? డిన్నర్ ఎక్కడ పెడతారు, పిల్లలు మన పక్కన కూర్చోవచ్చా? వోచర్ వద్దంటే ఆ పైసలు తగ్గిస్తారా? ఏజెంటు నసిగితే వదిలేయండి. ఇంకో వెయ్యి ఎక్కువైనా మామూలు లాడ్జి చాలు. సముద్రం అందరికీ ఒకటే, దానికి టికెట్టు లేదు. ఇంట్లో కుర్రవాళ్ళుంటే వెళ్ళేముందే వాళ్ళతో కూర్చుని ఆ 37 గడుల లెక్క వేయండి. హరామ్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే "ఫ్రీ వోచర్ కదా" అనే ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. మా వాడి దగ్గర లేదు. వాడు చెడ్డవాడు కాదు, వాడికి ఎవరూ హిసాబ్ చెప్పలేదు. ఇప్పుడు ఆ కాగితం రుమాలు వాడి పర్సులో ఉంది.

మాలో ఇంకో వాదన కూడా నడిచింది. శాలువా ఏం చేయాలి? మా ఆయన ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. నేను అక్కడే వదిలేద్దామన్నాను. చివరికి దాన్ని స్టేషన్‌లో చలికి కాదు, ఎండకి తలమీద కప్పుకోవడానికి ఒక ముసలామెకి ఇచ్చాం, సవాబ్ నియ్యత్ లేకుండా. ఇది సరైన పద్ధతేనా అని ఆలిమ్‌లు ఎవరైనా చెప్తే నేర్చుకుంటాను.

దసరా సెలవులకి ఎక్కడికి అని పిల్లలు ఇప్పటినుంచే అడుగుతున్నారు. ఈసారి అమ్మీయే చెప్పారు, బీజాపూర్ అని. అదే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి గదగ్‌లో దిగితే అక్కడి నుంచి బండి ఉంటుంది. గోల్ గుంబజ్ మెట్లు నేను ఎక్కలేను, మీరు పైకెళ్ళి నా పేరు పెట్టి పిలవండి, కింద కూర్చుని వింటాను అన్నారు. మిషన్ మళ్ళీ నడుస్తోంది.